బాక్ అంటే వాగు, లిస్ట్ అంటే పిండి, నేనంటే వంకాయ

ఇయర్‌ఫోన్స్ ఉంటే పెట్టుకోండి, ఈరోజు మధ్యలో కొన్ని స్వరాలు వినిపిస్తాను. బస్సులో ఉండి ఇయర్‌ఫోన్స్ లేకపోతే ఏం పర్లేదు, పక్క సీటాయన కూడా వింటాడు, మనకి ఇంకో ప్రేక్షకుడు.

ముందుగా ఒక కిరాణా చీటీ చదువుతాను, జాగ్రత్తగా వినండి.

చాయ్ పొడి పావుకిలో, కోవా అరకిలో. ఈ రెండూ కలిపితే చైకోవ్‌స్కీ. బీట్‌రూట్ కిలో, అది కాల్చుకోవడానికి ఒక ఓవెన్. అది బీథోవెన్. పుచ్చకాయ ఒకటి, పుచ్చీని. చెప్పులు రెండు జతలు, ఒకటి షూబర్ట్‌కి, ఒకటి షూమన్‌కి. ఇవన్నీ మోసుకురావడానికి హ్యాండిల్ ఉన్న సంచి, అది హాండెల్. డబ్బులు ఎవరిస్తారు? డెబ్యుస్సీ. తక్కువైతే? బాకీ పెట్టేది బాక్. ఇంతకీ ఈ చీటీ పేరేంటి? షాపింగ్ లిస్ట్. అంటే షోపాన్, లిస్ట్.

మోజార్ట్ మర్చిపోయావేంట్రా అంటారేమో. ఇలాంటి పనికిమాలిన వాటి మీద మనకున్న పిచ్చి ఉంది చూడండి, దాన్నే మోజు ఆర్ట్ అంటారు.

సరే, నవ్వారా? కొందరు నవ్వి ఉంటారు, కొందరు ‘ఛీ’ అని ఉంటారు. పేర్ల జోకుకి ఈ రెండూ ఒకటే, రెండూ మార్కులే. ఇంగ్లీషువాళ్ళు కూడా ఇదే పని చేస్తారు. షోపాన్, లిస్ట్ కలిపి షాపింగ్ లిస్ట్ అనడం వాళ్ళ దగ్గర బాగా ముదిరిన జోకు. మగ్గుల మీద, టీషర్టుల మీద కూడా వేస్తారు. చాయ్ కోవా మాత్రం మనది. కోవా తెలియనివాడికి ఆ జోకు రాదు కదా.

ఈ పిచ్చి నాకెలా పట్టిందో చెప్తాను. దాని వెనక రెండు నవ్వులున్నాయి, రెండూ నన్ను చూసి నవ్వినవే.

మొదటిది ఇంటర్ ఫస్ట్ ఇయర్‌లో. నా ఇంటిపేరు వంకాయల. ఇన్ని ఎపిసోడ్లు చేశాను, ఎప్పుడూ చెప్పలేదు, ఈరోజే చెప్తున్నాను. కాలేజీలో మొదటి రోజు అటెండెన్స్. లెక్చరర్ గారు నా పేరు ఇంటిపేరుతో సహా చదివారు. వెనక బెంచీ నుంచి ఎవడో ‘గుత్తా, పచ్చడా సార్?’ అన్నాడు. అంతే, అరవై మంది ఒకేసారి నవ్వారు. సార్ కూడా నవ్వారు. ఆ రెండేళ్ళూ నా పేరు గుత్తి. హాస్టల్‌లో వంకాయ కూర వండిన రోజు అందరూ నా వైపు చూసి దణ్ణం పెట్టి తినేవాళ్ళు. ఇప్పుడు చెప్తుంటే నాకే నవ్వొస్తోంది కానీ, అప్పుడు రాలేదు. డిగ్రీలో చేరేసరికి ‘వి’ అనే ఒక్క అక్షరం, ఒక చుక్క, ఆ తర్వాత పేరు. వంకాయ మొత్తం ఆ చుక్క వెనక దాక్కుంది.

రెండో నవ్వు ఆ తర్వాత చాలా ఏళ్ళకి. ఉద్యోగంలో కొత్తగా చేరాను. హైదరాబాద్‌లో ఒక ఫ్రెండ్ ఇంట్లో పదిమంది కూర్చుని పాటల గురించి మాట్లాడుకుంటున్నారు. మనకీ ఏదో తెలుసని చూపించుకోవాలి కదా. ‘నాకు చోపిన్ అంటే ఇష్టం’ అన్నాను. స్పెల్లింగ్ చూస్తే అలాగే ఉంటుంది మరి. ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒకమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఇంకొకతను ‘షోపాన్’ అని చాలా మెత్తగా సరిదిద్దాడు. ఆ మెత్తదనమే ఎక్కువ గుచ్చుకుంది.

ఇంటికి వచ్చాక ఆ పేరు గుర్తుపెట్టుకోవడానికి నేను పట్టుకున్న ఉపాయమే ‘షాపింగ్’. షాపింగ్ అనబోయి చివర్లో ఆగిపోతే షోపాన్ దగ్గరికి వచ్చేస్తాం. అలా ఒక్కో పేరుకీ ఒక్కో ఇంటి వస్తువు తగిలించుకుంటూ పోయాను. చాయ్, కోవా, బీట్‌రూట్ అన్నీ అప్పటివే. పేరు నోటికి వచ్చింది కాబట్టి వెతికాను, వెతికాను కాబట్టి విన్నాను. మన ఫోన్‌లో సెర్చ్ చెయ్యాలంటే కనీసం పేరు తెలియాలి కదా, నాకు అదే తాళంచెవి.

నిజానికి వీళ్ళు మనకి ముందే తెలిసినవాళ్ళు. టైటాన్ వాచీల యాడ్‌లో వచ్చే ట్యూన్ ఎవరిది? మోజార్ట్‌ది, ఆయన 25వ సింఫనీలోది. పాత నోకియా ఫోన్ రింగ్‌టోన్? అది ఫ్రాన్సిస్కో తార్రేగా అనే స్పెయిన్ గిటార్ విద్వాంసుడు 1902లో రాసిన ‘గ్రాన్ వాల్స్’లో ఒక ముక్క. మన అమ్మానాన్నల జేబుల్లో ఆయన ఏళ్ళ తరబడి మోగాడు. ట్యూన్ ఇంటికి వచ్చింది, పేరు గుమ్మం బయటే ఉండిపోయింది.

అలా పేర్లు వెతుకుతూ పోతే ఒక విషయం కనిపించింది. మనం తగిలించే జోకు ఒకటైతే, ఆ పేరుకి వాళ్ళ భాషలో ఉన్న అర్థం ఇంకొకటి. ఆ అసలు అర్థాలు కూడా అచ్చం మన ఇంటిపేర్లలాగే ఉన్నాయి.

బాక్‌తో మొదలుపెడదాం. యోహాన్ సెబాస్టియన్ బాక్, పుట్టింది 1685లో. జర్మన్‌లో ‘బాక్’ అంటే వాగు. మన ఊరి పక్కన పారే వాగే. ఇప్పుడు వాగ్నర్‌ని చూడండి. వినడానికి ఈయన పేరులోనే వాగు ఉన్నట్టుంది, కానీ లేదు. వాగ్నర్ అంటే బండ్లు చేసేవాడు. మన దగ్గర వ్యాగన్ఆర్ అని కారుంది కదా, ఆ వ్యాగనే ఈ వాగ్నర్‌లోనూ ఉంది. అంటే వాగు శబ్దం ఉన్నవాడు బండివాడు, బాకీ శబ్దం ఉన్నవాడు వాగువాడు. మన దగ్గర ‘బండి’ ఇంటిపేరు ఉన్నవాళ్ళు ఎవరైనా చూస్తుంటే, మీరు వాగ్నర్ గారికి దాదాపు చుట్టాలు.

ఇటలీకి వెళ్దాం. జుసెప్పే వెర్డీ. ఒపెరాల్లో మహామహుడు. జుసెప్పే అంటే జోసెఫ్, వెర్డీ అంటే పచ్చనివి. ఇంగ్లీషువాళ్ళు నవ్వుకోవడానికి ఈయన్ని జో గ్రీన్ అంటారు. మన భాషలో అయితే పచ్చల యోసేపు గారు. ఆ పేరు వింటే ఇటలీ ఒపెరా గుర్తొస్తుందా? మా వీధి చివర సైకిల్ షాపు పెట్టుకున్న పెద్దాయన గుర్తొస్తాడు.

చైకోవ్‌స్కీ పేరులో చాయ్ లేదు, కోవా లేదు. రష్యన్‌లో ‘చాయ్కా’ అంటే సముద్రం దగ్గర ఎగిరే తెల్లటి పక్షి. ఆయన పూర్వీకుల పేరు చాయ్కానే, అదే తర్వాత చైకోవ్‌స్కీ అయింది. కార్ల్ మరియా ఫాన్ వెబర్ అని ఇంకొకాయన ఉన్నాడు. వెబర్ అంటే నేతపనివాడు.

నాకు అన్నిటికంటే నచ్చింది లిస్ట్. ఫ్రాంజ్ లిస్ట్, హంగేరీలో పుట్టిన పియానో విద్వాంసుడు, ఆ కాలంలో ఆయన కచేరీకి జనం మన హీరో సినిమా రిలీజ్ రోజులా ఎగబడేవాళ్ళు. ఇంగ్లీషులో ఆయన పేరు వింటే చీటీ గుర్తొస్తుంది. హంగేరియన్‌లో అదే మాటకి, అదే స్పెల్లింగ్‌తో, అర్థం పిండి. గోధుమపిండి ఉంటుంది చూడండి, అది. అంటే మన షాపింగ్ లిస్ట్‌లో మొదటి ఐటమ్ ఆ చీటీయే.

ఇందులో ఇంకో మజా ఉంది. షోపాన్, లిస్ట్ నిజంగానే పారిస్‌లో ఒకరికొకరు తెలిసిన స్నేహితులు. 1833లో షోపాన్ అచ్చు వేయించిన మొదటి ఎట్యూడ్స్ సంపుటిని లిస్ట్‌కే అంకితం ఇచ్చాడు. ఎట్యూడ్ అంటే వేళ్ళ సాధన కోసం రాసే చిన్న రచన. షోపాన్ చనిపోయాక ఆయన మీద పుస్తకం రాసింది కూడా లిస్టే. మన జోకులో ఆ రెండు పేర్లూ పక్కపక్కన కూర్చున్నాయంటే, చరిత్రలో కూడా అలాగే కూర్చున్నాయి.

ఇక చెప్పుల సంగతి. షూమన్ అంటే చెప్పులు కుట్టేవాడు. షూబర్ట్ అన్న పేరు కూడా పాత జర్మన్‌లో చెప్పులు కుట్టేవాడు అన్న మాట నుంచి వచ్చిందే. ఇద్దరి పేర్లూ ఒకే దుకాణంలోవి. అందుకే ఎప్పుడూ కలగాపులగం అవుతారు. నేనొక్కడినే కాదు, ఒక ప్రభుత్వమే పొరబడింది. 1956లో షూమన్ చనిపోయి వందేళ్ళయిన సందర్భంగా తూర్పు జర్మనీ ఒక స్టాంపు వేసింది. బొమ్మ షూమన్‌ది, వెనకాల వేసిన స్వరలిపి షూబర్ట్‌ది. కుడికాలి చెప్పు ఎడమకాలికి వేసుకుని గుడికి బయల్దేరినట్టు. తర్వాత గమనించి సరైన స్వరలిపితో మళ్ళీ వేశారు.

ఆ తప్పు జరిగినందుకు షూమన్ కోపగించుకునేవాడు కాదని నా నమ్మకం. ఎందుకంటే షూబర్ట్ చనిపోయిన పదేళ్ళకి వియన్నాలో ఆయన అన్నయ్య ఇంటికి వెళ్ళి, అక్కడ ఎవరూ పట్టించుకోని కాగితాల కట్టలో ఒక పెద్ద సింఫనీ చూసి, దాన్ని లైప్‌జిగ్‌కి పంపించి 1839లో లోకానికి వినిపించేలా చేసింది షూమనే. షూబర్ట్ తన జీవితకాలంలో ఎప్పుడూ కచేరీలో వినని సింఫనీ అది. ఒక చెప్పు పోతే రెండో చెప్పు వెతికి పట్టుకొచ్చింది అన్నమాట.

ఇంతవరకు నవ్వులే. ఇప్పుడు బీథోవెన్ దగ్గరికి వద్దాం, నవ్వు ఇక్కడ కొంచెం తగ్గుతుంది.

లుడ్విగ్ వాన్ బీథోవెన్. ఇందులో ‘హోవెన్’ అంటే డచ్‌లో పెరళ్ళు, తోటలు. అందుకే ముందున్న ‘బీట్’ని పట్టుకుని బీట్‌రూట్ తోటలాయన అని సరదాగా చెప్పేవాళ్ళున్నారు. కాదు, అదొక ఊరి పేరు నుంచి వచ్చింది అనేవాళ్ళూ ఉన్నారు. ఆయన తాతగారిది ఇప్పటి బెల్జియంలో ఉన్న మెక్లెన్ అనే ఊరు, అక్కడి నుంచి 1733లో పాడటానికి జర్మనీలోని బాన్ నగరానికి వచ్చాడు. మొత్తానికి కూరగాయో, ఊరో, చాలా మామూలు పేరు. మన దగ్గర పల్లి, పాడు, పూడి అని ముగిసే ఇంటిపేర్లు ఎన్ని లేవు?

చిక్కంతా మధ్యలో ఉన్న ‘వాన్’తో వచ్చింది. డచ్‌లో వాన్ అంటే ‘ఫలానా చోటి నుంచి’ అని మాత్రమే. కానీ వియన్నాలో జర్మన్ మాట్లాడేవాళ్ళకి ‘ఫాన్’ అంటే జమీందారీ వంశం. రెండూ వినడానికి దగ్గర దగ్గరగా ఉంటాయి. అందరూ ఆయన్ని పెద్ద వంశం అనుకున్నారు. ఆయన కూడా కాదని చెప్పలేదు.

తమ్ముడు 1815లో చనిపోతే, అతని కొడుకు కార్ల్‌ని ఎవరు పెంచాలని బీథోవెన్‌కీ ఆ పిల్లాడి తల్లికీ కోర్టులో గొడవ నడిచింది. కేసు పెద్ద వంశాలవాళ్ళ కోర్టులో ఉంది. 1818 డిసెంబర్‌లో అక్కడ ప్రశ్న వచ్చింది. నీ పేరులో ‘వాన్’ ఉంది, నువ్వు గొప్పింటివాడివేనని చూపించే కాగితం ఏది? కాగితం లేదు. కేసుని అక్కడి నుంచి తీసి మామూలు జనాల కోర్టుకి పంపేశారు. అక్కడ కొంతకాలం ఆ పిల్లాడి మీద హక్కు కూడా పోయింది, మళ్ళీ 1820లో అప్పీలులో గెలిచాడు.

ఒకసారి ఆలోచించండి. అప్పటికి ఐదో సింఫనీ రాసి పదేళ్ళయింది. ఊరంతా తెలిసిన మనిషి. చెవులు దాదాపు వినపడవు, ఎదుటివాళ్ళు పుస్తకంలో రాస్తే చదువుకుంటున్నాడు. అలాంటి మనిషిని ఒక చిన్న మాట, రెండక్షరాల ‘వాన్’, ఒక మెట్టు కిందికి దింపింది. ఆ అవమానం ఆయనకి బాగా తగిలింది. ఇది చదివినప్పుడు నాకు నా అటెండెన్స్ గుర్తొచ్చింది. పోలిక పెద్దదే, తిట్టుకోకండి. ఆయన పేరులో లేని గొప్పని దాచి ఉంచాడు, నేను ఉన్న వంకాయని దాచాను. ఇద్దరం చేసింది ఒకటే పని, పేరు బయటపడకుండా చూసుకున్నాం.

అయితే అందరూ దాచలేదు. ఇప్పుడు నేను చెప్పబోయేవాళ్ళు తమ పేరుతో తామే ఆడుకున్నారు.

మోజార్ట్ ఉత్తరాల్లో తన పేరుని తిరగేసి ‘ట్రాజోమ్’ అని సంతకం పెట్టేవాడు. చిన్నప్పుడు మనం నోట్‌బుక్ చివరి పేజీలో పేరు తిరగేసి రాసుకోలేదూ, అదే. అందరూ పిలిచే ‘అమడేయస్’ కూడా బాప్తిస్మం నాడు పెట్టిన మాట కాదు. అప్పుడు రాసింది థియోఫిలస్ అని, గ్రీకు మాట, దేవుడికి ఇష్టమైనవాడు అని అర్థం. దాన్నే లాటిన్‌లోకి మారిస్తే అమడేయస్. ఆయన మామూలుగా ‘అమడే’ అని రాసుకునేవాడు.

బాక్ ఇంకో అడుగు ముందుకేశాడు. ఇది వినిపిస్తాను. ఫోన్‌లో పియానో యాప్ ఉంటే మీరూ తెరవండి. జర్మన్లు స్వరాలకి పెట్టుకున్న పేర్లలో ఒక తమాషా ఉంది. మనం బి ఫ్లాట్ అనేదాన్ని వాళ్ళు బి అంటారు, మనం బి అనేదాన్ని వాళ్ళు హెచ్ అంటారు. కాబట్టి బి, ఎ, సి, హెచ్, బాక్ పేరులోని నాలుగక్షరాలూ నాలుగు స్వరాలే. మీటండి. ముందు బి ఫ్లాట్ నల్ల మెట్టు. దాని ఎడమ పక్క తెల్ల మెట్టు. తర్వాత పైకి వెళ్ళి సి. మళ్ళీ సి పక్కనే ఎడమవైపు మెట్టు.

(హార్మోనియం మీద నాలుగు స్వరాలు)

విన్నారా? ఒకాయన పేరు విన్నారు. మన సంగీతం నేర్చుకున్నవాళ్ళు సి ని షడ్జం అనుకుంటే ఇది ని, ద, స, ని. మొదటి ని కైశికి నిషాదం, చివరి ని కాకలి నిషాదం.

బాక్ చివరి రోజుల్లో ‘ది ఆర్ట్ ఆఫ్ ఫ్యూగ్’ అని ఒక పెద్ద రచన మీద ఉన్నాడు. అందులో చివరి ఫ్యూగ్‌లో ఈ నాలుగు స్వరాలూ వస్తాయి, తర్వాత కాసేపటికి ఆ రాత ఆగిపోతుంది. ఈ పేరు వచ్చిన చోటే నాన్న చనిపోయారు అని ఆయన కొడుకు ఆ కాగితం మీద రాశాడు. నిజంగా అదే క్షణమా కాదా అని పండితులు వాదించుకుంటారు. ఆ పేజీ మాత్రం మధ్యలోనే ఆగి ఉంది, పేరు రాసిన తర్వాత. ఆ నాలుగు స్వరాల మీద తర్వాత షూమన్ ఆరు ఫ్యూగ్‌లు రాశాడు, మన పిండి లిస్ట్ గారు కూడా ఒక పెద్ద రచన చేశాడు. చనిపోయినాయన పేరుని స్వరాల్లో పిలవడం అంటే ఇదే.

ఈ ఆటని ప్రాణం మీదికి తెచ్చుకుని ఆడినవాళ్ళూ ఉన్నారు. 1859 ప్రాంతంలో ఇటలీ ఇంకా ఒక దేశం కాలేదు, ఉత్తరాన చాలా భాగం ఆస్ట్రియా చేతిలో ఉంది. రాజు విట్టోరియో ఎమాన్యుయేల్ కింద ఇటలీ ఒకటి కావాలని బాహాటంగా అంటే పోలీసులొస్తారు. జనం గోడల మీద ‘వివా వెర్డీ’, అంటే వెర్డీ వర్ధిల్లాలి అని రాశారు. పాటల మనిషిని పొగిడితే తప్పేముంది? కానీ ‘విట్టోరియో ఎమాన్యుయేల్, ఇటలీ రాజు’ అని వాళ్ళ భాషలో రాసి మొదటి అక్షరాలు తీసుకుంటే వచ్చేది కూడా వెర్డీయే. 1861లో ఇటలీ రాజ్యం ఏర్పడింది. పచ్చల యోసేపు గారి పేరు ఒక దేశానికి కోడ్ వర్డ్ అయింది.

ఇంకొకరు డ్మీట్రి షోస్టకోవిచ్. సోవియట్ రష్యా మనిషి. 1936లో ప్రభుత్వ పార్టీ పత్రిక ‘ప్రావ్దా’ ఆయన ఒపెరాని చీల్చి చెండాడింది, 1948లో మళ్ళీ ఖండించారు. ఆ రోజుల్లో అక్కడ అలా పేరెక్కితే తర్వాత ఏమవుతుందో ఎవరికీ తెలియదు, మనుషులు మాయమవుతున్న కాలం. ఈయన తన పేరుని జర్మన్‌లో రాసుకుని డి, ఎస్, సి, హెచ్ అని నాలుగు స్వరాలు తయారుచేసుకున్నాడు. 1960లో మూడు రోజుల్లో రాసిన ఎనిమిదో క్వార్టెట్, అంటే నాలుగు తంత్రీ వాద్యాల రచన, ఆ నాలుగు స్వరాలతోనే మొదలవుతుంది, చివరిదాకా అవే తిరుగుతూ ఉంటాయి. నోటితో అనలేనిచోట, ‘నేనున్నాను, నేనున్నాను’ అని తన పేరు తానే చెప్పుకున్నట్టు నాకు వినిపిస్తుంది. రాత్రి లైట్లు తీసేసి ఒకసారి వినండి. జోకుగా మొదలైన నాలుగక్షరాలు ఎంత బరువు మోస్తాయో తెలుస్తుంది.

ఇదంతా వింటుంటే ‘మన దగ్గర లేదా?’ అనిపిస్తోందా? ఉంది. త్యాగయ్య గారు 1767లో పుట్టారు, బీథోవెన్ 1770లో. ఇద్దరూ ఒకే కాలం మనుషులు. త్యాగయ్య గారు తెలుగులో కృతి చేసి చివర్లో తన పేరు పెడతారు, దాన్ని ముద్ర అంటాం. ముత్తుస్వామి దీక్షితులు గారి ముద్ర గురుగుహ, శ్యామశాస్త్రి గారిది శ్యామకృష్ణ. స్వరం, సాహిత్యంలో అక్షరం ఒకటే అయ్యేలా కూర్చే విద్య కూడా మనకుంది, దాని పేరు స్వరాక్షరం. సాహిత్యంలో ‘స’ వచ్చినచోట షడ్జమే పలుకుతుంది. బాక్ నాలుగక్షరాలతో ఆడిన ఆటకి ఇది దగ్గరి బంధువు.

ఆ రెండు వీధుల్నీ కలిపినాయన మన ఇళయరాజా గారు. 1986లో ఒక ఆల్బమ్ చేశారు, త్యాగయ్య గారికీ బాక్‌కీ అంకితం. అందులో ఒక దాని పేరుకి అర్థం ‘మా ఇంట్లో బాక్‌ని కలిశాను’ అని. ఇంతకీ ఆల్బమ్ పేరేంటో తెలుసా? ‘హౌ టు నేమ్ ఇట్’. దీనికేం పేరు పెట్టాలి? ఈ ఎపిసోడ్‌కి కూడా అదే నా ప్రశ్న.

ఇప్పుడు వెనక్కి, నా వంకాయ దగ్గరికి.

మీరు ఇందాక విన్న హార్మోనియం మా తాతది. మా ఊళ్ళో పద్యనాటకాలకి ఆయనే హార్మోనియం. పెట్టె మూత మీద తెల్ల రంగుతో పెద్దపెద్ద అక్షరాల్లో ‘వంకాయల’ అని రాయించుకున్నాడు. అసలు పేరు దాని కింద చిన్నగా ఉంటుంది. ఇంటర్‌లో సంక్రాంతి సెలవులకి వెళ్ళినప్పుడు అడిగాను, ‘తాతా, ఆ పేరు అంత పెద్దగా ఎందుకు రాయించావ్? నవ్వరా?’ అని. ‘నవ్వుతారు రా. నవ్వినోడు మర్చిపోడు. తినేదాని పేరున్నోణ్ణి ఎవడూ మర్చిపోడు. మూడూళ్ళ అవతల నాటకం పెట్టినా, ఆ వంకాయలాయన్ని పిలవండి అంటారు’ అన్నాడు. నాకు అప్పుడు కోపం వచ్చింది. ఆ పెట్టె పట్టుకుని ఫొటో దిగమంటే, మూత పక్కకి తిప్పి దిగాను. ఆయనతో నాకున్న చివరి ఫొటో అదే. అందులో పేరు కనపడదు.

ఎవరు పడితే వాళ్ళు ఎవరి పేరు పట్టుకుని అయినా నవ్వొచ్చు అని నేననట్లేదు. నన్ను గుత్తి అన్న అరవై మందికీ నా గురించి ఇంకేం తెలియదు, తెలుసుకోవాలని కూడా అనుకోలేదు. నవ్వు అక్కడే ఆగిపోయింది. షోపాన్‌ని షాపింగ్ అని నవ్వుకున్న నేను, ఆ తర్వాత నెల రోజులు ఆయన నాక్టర్న్‌లు వింటూ నిద్రపోయాను. రెండు నవ్వులకీ తేడా నాకు అక్కడే తెలిసింది. పేరు మీద నవ్వాక ఆ మనిషి దగ్గరికి ఇంకొక్క అడుగు వేశామా లేదా, అంతే. వేస్తే అది స్నేహం, వెయ్యకపోతే ఏడిపించడం.

ఇంకో మాట. ఎవరైనా ‘చోపిన్’ అంటే దయచేసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకండి. షాపింగ్ జోకు చెప్పండి, పేరు వాళ్ళకే నోటికి వచ్చేస్తుంది.

మీకు ఈ వారం రెండు పనులు. ఒకటి, ఫోన్‌లో ఆ నాలుగు మెట్లు మీటండి, నల్లది, ఎడమ పక్కది, సి, మళ్ళీ ఎడమ పక్కది. రెండోది, ఇంట్లో పెద్దవాళ్ళని మన ఇంటిపేరుకి అర్థమేంటి, ఎక్కడి నుంచి వచ్చింది అని అడగండి. ఉప్పు, పప్పు, బెల్లం, గుర్రం, బండి, ఏదైనా కావచ్చు. విన్నది కామెంట్లలో రాయండి, మంచివి వచ్చే ఎపిసోడ్‌లో చదువుతాను. ముందు మీరు నవ్వుకుని పంపండి, అప్పుడు మేమూ నవ్వుతాం.

ఈ వీడియో మొదట్లో టైటిల్ కార్డ్ చూశారా? చూడకపోతే వెనక్కి వెళ్ళి చూడండి. ఇన్నాళ్ళూ అక్కడ ‘వి’, పక్కన ఒక చుక్క ఉండేది. ఈరోజు చుక్క తీసేశాను. ఎడిటింగ్ చేసే మా తమ్ముడు అడిగాడు, ‘అన్నా, ఇంటిపేరు ఇంత పెద్దగా పెట్టనా?’ అని. ఇంకొంచెం పెద్దగా పెట్టమన్నాను. తెల్ల రంగులో.

ఉంటాను. వచ్చే వారం కలుద్దాం. నమస్తే.